192.168.5.0 ను స్లాష్ 23 చేసినా 6.0 ఎందుకు కలవలేదు?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఒకటి: ఆఫీసులో 192.168.5.0/24 (256 అడ్రస్‌ల నెట్‌వర్క్) నిండిపోయింది. స్లాష్ 23 చేస్తే రెట్టింపు అవుతుందని ఎవరో చెబితే రౌటర్‌లో మాస్క్‌ను (నెట్‌వర్క్ ఎక్కడి దాకా అని చెప్పే నంబరును) 255.255.254.0 కి మార్చారు, కొత్త మెషిన్లకు 192.168.6.10 నుంచి వరసగా స్టాటిక్ ఐపీలు (చేత్తో పెట్టిన, మారని అడ్రస్‌లు) ఇచ్చారు. అవి ఒకదాన్నొకటి పింగ్ చేసుకుంటున్నాయి (ఉన్నావా అని పలకరించుకుంటున్నాయి) గానీ గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రౌటర్ అడ్రస్, 192.168.5.1 దొరకట్లేదు, ఇంటర్నెట్ రావట్లేదు. రెండు: సర్వీస్ ప్రొవైడర్ 8 పబ్లిక్ ఐపీలని చెప్పి 203.0.113.40/29 ఇచ్చాడు, తీరా చూస్తే వాడుకోవడానికి 5 మాత్రమే ఉన్నాయి. మిగతా మూడూ ఏమయ్యాయి? (203.0.113 అనేది ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన బ్లాక్. మీ అసలు అడ్రస్ బయటపెట్టకుండా దాన్ని వాడి మంచి పని చేశారు.)

మొదటిదానికి జవాబు చిన్నదే. స్లాష్ 23 బ్లాక్ 5 దగ్గర మొదలవదు. 4 దగ్గర మొదలై 5తో అయిపోతుంది. తర్వాతిది 6 దగ్గర మొదలై 7తో అయిపోతుంది. 5, 6 కలిపి ఒక ఇల్లు అని మీరనుకున్నారు. రౌటర్ లెక్కలో 4, 5 ఒక ఇల్లు. 6, 7 పక్కిల్లు. ముందుకు పెంచాననుకున్న నెట్‌వర్క్ వెనక్కి పెరిగింది. రౌటర్ ఏ ఎర్రర్ చూపించలేదంటే కారణం, 192.168.5.1 అనేది ఆ 4, 5 ఇంట్లో సరైన అడ్రసే కాబట్టి. దాని వైపు నుంచి తప్పేమీ లేదు.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. సబ్‌నెట్, అంటే అడ్రస్‌లను ఇలా బ్లాక్‌లుగా విడగొట్టడం, నేర్పేవాళ్లలో చాలామంది "స్లాష్ తర్వాతి నంబరు ఒకటి తగ్గితే అడ్రస్‌లు రెట్టింపు" అని చెప్పి అక్కడితో ఆపేస్తారు. లెక్క నిజమే. కానీ ఎన్ని అన్నది సగం విషయమే, ఎక్కడి నుంచి అన్నది మిగతా సగం. బ్లాక్ ఎప్పుడూ తన సైజుకు గుణిజమైన చోటే మొదలవుతుంది. 8 అడ్రస్‌ల బ్లాక్ 0, 8, 16, 24 ఇలాగే మొదలవ్వాలి, 12 దగ్గర మొదలవ్వదు. 64 బ్లాక్ 0, 64, 128, 192 దగ్గర మాత్రమే. ఇది ఎవరో కూర్చుని పెట్టిన నిబంధన కాదు, మాస్క్ పనిచేసే తీరే అంత.

బిట్లు చూస్తే వెంటనే తెలుస్తుంది. ఐపీవీ4 అడ్రస్ అంటే 32 బిట్ల నంబరు. దాన్ని చుక్కలు పెట్టి నాలుగు ముక్కలుగా రాసుకునేది మన సౌకర్యం కోసం. ఒక్కో ముక్కకు 8 బిట్లు, అందుకే 0 నుంచి 255 దాకా. మెషిన్‌కు ఆ చుక్కలతో పనిలేదు. స్లాష్ 23 అంటే ముందు 23 బిట్లు నెట్‌వర్క్‌వి, మిగిలిన 9 బిట్లు ఆ నెట్‌వర్క్‌లో ఉండే మెషిన్లవి. 9 బిట్లతో 512 అడ్రస్‌లు. 255.255.254.0 అని రాసినా అదే: 23 ఒకట్లు, వాటి వెనక 9 సున్నాలు.

ఇప్పుడు మూడో ముక్కను మాత్రం బిట్లలో రాద్దాం. 4 అంటే 00000100, 5 అంటే 00000101, 6 అంటే 00000110, 7 అంటే 00000111. మాస్క్‌లో మూడో ముక్క 254, అంటే 11111110. ఒకటి ఉన్న చోట బిట్ తాళం వేసినట్టు, సున్నా ఉన్న చోట వదిలేసినట్టు. ఇక్కడ చివరి బిట్ ఒక్కటే వదిలేశాం. 4, 5 చూడండి: చివరి బిట్ తప్ప అన్నీ ఒకటే, కాబట్టి ఒకే నెట్‌వర్క్. 6, 7 కూడా అంతే. కానీ 5 నుంచి 6కు వెళ్లేటప్పుడు రెండు బిట్లు మారాయి, 199 తర్వాత 200 రాస్తే మూడంకెలూ మారినట్టు. తాళం వేసిన బిట్ మారిందంటే నెట్‌వర్క్ మారినట్టే. 5, 6 రెండింటినీ ఒకే గొడుగు కిందికి తేవాలంటే ఇంకో బిట్ వదలాలి, అంటే స్లాష్ 22. అప్పుడు 4, 5, 6, 7 నాలుగూ వస్తాయి.

పక్కపక్క నంబర్లు కదా, ఎలాగైనా కలుస్తాయి అనుకోకూడదు. 7, 8 కలపాలంటే స్లాష్ 20 దాకా పోవాలి, అంటే 0 నుంచి 15 వరకు మొత్తం 16 స్లాష్ 24లు లోపలికి వస్తాయి. 127, 128 కలపాలంటే స్లాష్ 16 తప్ప గతి లేదు. రెండు నెట్‌వర్క్‌లను భవిష్యత్తులో ఒకటి చేసే ఆలోచన ఉంటే మొదట్లోనే సరి సంఖ్య దగ్గర మొదలుపెట్టి, పక్క బేసి సంఖ్యను ఖాళీగా ఉంచమని చెప్పేది ఇందుకే. మీవాళ్లు మొదట 192.168.5.0 బదులు 192.168.4.0 తీసుకుని ఉంటే ఇవాళ మాస్క్ ఒక్కటి మార్చి ఇంటికి పోయేవారు.

మీ 6.x మెషిన్లలో ఏం జరుగుతోందో చెబుతాను. 192.168.6.10, మాస్క్ 255.255.254.0 అని ఇచ్చారు కాబట్టి ఆ మెషిన్ దృష్టిలో తన ఊరు 6.0 నుంచి 7.255 దాకా. 6.11 అదే ఊరు, అందుకే పింగ్ అవుతోంది. గేట్‌వే 5.1 మాత్రం ఊరి బయట ఉంది. ఊరి బయటికి వెళ్లాలంటే గేట్‌వే కావాలి, ఆ గేట్‌వే దగ్గరకు వెళ్లడానికే ఊరు దాటాలి! విండోస్ అయితే ఆ సెట్టింగ్ సేవ్ చేసేటప్పుడే గేట్‌వే ఇదే సబ్‌నెట్‌లో లేదని ఒక హెచ్చరిక చూపిస్తుంది. మనందరం దాన్ని చదవకుండా ఎస్ నొక్కేస్తాం. లినక్స్ మామూలుగా ఆ గేట్‌వేను ఒప్పుకోనే ఒప్పుకోదు. ఒకవేళ ప్యాకెట్ ఎలాగోలా రౌటర్ దాకా చేరినా తిరుగు దారి లేదు. రౌటర్ లెక్కలో 6.10 తన ఇంటిది కాదు, జవాబును డిఫాల్ట్ రూట్ వైపు బయటికి తోసేస్తుంది.

చేత్తో లెక్కేసుకునే పద్ధతి ఒకటి చెబుతాను, కాలిక్యులేటర్ లేనప్పుడు పనికొస్తుంది. మాస్క్‌లో 255 కానీ 0 కానీ కాని ముక్క ఏదో చూడండి. 256 లోంచి దాన్ని తీసేయండి. వచ్చింది బ్లాక్ సైజు, ఆ ముక్క వరకు. తర్వాత మీ అడ్రస్‌లో అదే ముక్కను తీసుకుని, అంతకు మించని పెద్ద గుణిజం ఏదో చూడండి. అదే నెట్‌వర్క్ మొదలు. ఉదాహరణకు 10.8.3.100/27. మాస్క్ చివరి ముక్క 224, 256 లోంచి తీస్తే 32. 32 గుణిజాలు 0, 32, 64, 96, 128. 100 లోపు పెద్దది 96. కాబట్టి నెట్‌వర్క్ 10.8.3.96, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే అడ్రస్) 10.8.3.127, మధ్యలో 97 నుంచి 126 దాకా మెషిన్లకు. ఇంకొకటి, కాస్త పెద్దది: 172.20.77.190/20. ఇక్కడ తేడా ముక్క మూడోది, 240. సైజు 16. 77 లోపు 16 గుణిజం 64. కాబట్టి 172.20.64.0 నుంచి 172.20.79.255 దాకా. నాలుగో ముక్క 190ని అసలు పట్టించుకోనక్కర్లేదు.

సైజులు బట్టీ పట్టాలంటే స్లాష్ 24 అంటే 256 అని ఒక్కటి గుర్తుంచుకుని, కిందికి సగం చేసుకుంటూ, పైకి రెట్టింపు చేసుకుంటూ పోండి. 25కి 128, 26కి 64, 27కి 32, 28కి 16, 29కి 8, 30కి 4. పైకి 23కి 512, 22కి 1024, 20కి 4096, 16కి 65,536. నంబరు పెరిగితే బ్లాక్ చిన్నదవుతుంది అన్న తిరకాసు మొదట్లో అందరినీ ఇబ్బంది పెడుతుంది. స్లాష్ నంబరును సైజు అనుకోకుండా, తాళం వేసిన బిట్లు అనుకుంటే ఆ గందరగోళం పోతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. స్లాష్ 29 అంటే 8 అడ్రస్‌లు, 203.0.113.40 నుంచి 47 దాకా. 40 అన్నది 8కి గుణిజమే, కాబట్టి బ్లాక్ సరిగ్గానే ఉంది. మొదటిది 40, అది నెట్‌వర్క్ పేరుగా పోతుంది. చివరిది 47, అది బ్రాడ్‌కాస్ట్. మిగిలినవి 41 నుంచి 46 దాకా ఆరు. వాటిలో ఒకటి ప్రొవైడర్ తన వైపు గేట్‌వేకు పెట్టుకుంటాడు, సాధారణంగా 41. మీకు మిగిలేవి 5. మిమ్మల్ని మోసం చేయలేదు, కానీ "8 ఐపీలు" అని అమ్మేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాల్సింది. వాటిలో ఒకటి మీ ఫైర్‌వాల్‌కు పోతే సర్వర్లకు మిగిలేవి నాలుగే.

ఇంకో పద్ధతి కూడా ఉంది, అడిగి చూడండి. మీ ఫైర్‌వాల్‌కు, ప్రొవైడర్‌కు మధ్య లింకుకు వేరే చిన్న బ్లాక్ పెట్టి, ఈ స్లాష్ 29ను మీ ఫైర్‌వాల్ వైపు రూట్ చేయమనండి. అప్పుడు ఆ ఎనిమిదీ మీ చేతిలోకి వస్తాయి. నాట్ కోసమే వాడుకుంటే, అంటే ఏ కేబుల్ మీదా సబ్‌నెట్‌గా పెట్టకుండా ఫైర్‌వాల్‌లోనే అడ్రస్ మార్పిడికి వాడితే, 40, 47 కూడా పనికొస్తాయి. నెట్‌వర్క్ అడ్రస్, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ అనేవి ఒక సబ్‌నెట్‌ను ఇంటర్‌ఫేస్ మీద పెట్టినప్పుడు వచ్చేవే, ఆ నంబర్లకు పుట్టుకతో అంటిన దోషం కాదు.

ఈ "రెండు తీసేయాలి" అన్న సూత్రానికి మినహాయింపులున్నాయి. రెండు రౌటర్ల మధ్య నేరు లింకు అయితే స్లాష్ 31 వాడుకోవచ్చు, రెండు అడ్రస్‌లూ పనికొస్తాయి. అక్కడ బ్రాడ్‌కాస్ట్‌తో అవసరమే లేదు, అటు ఒకరే, ఇటు ఒకరే. 2000 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) దీన్ని ఖాయం చేసింది. స్లాష్ 32 అంటే ఒకే ఒక్క అడ్రస్. లూప్‌బ్యాక్‌లకు (రౌటర్ తనలో తనకే పెట్టుకునే అడ్రస్‌లకు), ఫైర్‌వాల్ రూల్స్‌లో ఒక్క మెషిన్‌ను చూపించడానికి వాడతాం. క్లౌడ్‌లో మాత్రం రెండుతో ఆగదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ప్రతి సబ్‌నెట్‌లో 5 అడ్రస్‌లు తన దగ్గరే ఉంచుకుంటుంది, అజూర్ కూడా 5 ఉంచుకుంటుంది. అమెజాన్‌లో అతి చిన్న సబ్‌నెట్ స్లాష్ 28. 16 లోంచి 5 పోతే 11. అలాంటి చిన్న సబ్‌నెట్‌లో లోడ్ బ్యాలెన్సర్ (పనిని సర్వర్లకు పంచేది) కూడా పెడితే, అది పెరిగినప్పుడల్లా అడ్రస్‌లు తింటుంది. అక్కడ పిసినారితనం చేయకండి, ప్రైవేటు అడ్రస్‌లకు ఖర్చేం లేదు.

చాలామంది తడబడే ఇంకో చోటు: .0తో ముగిసేదంతా నెట్‌వర్క్ అడ్రస్, .255తో ముగిసేదంతా బ్రాడ్‌కాస్ట్ అని గుడ్డిగా నమ్మడం. 192.168.4.0/23 తీసుకుంటే 192.168.4.255, 192.168.5.0 రెండూ బ్లాక్ మధ్యలో ఉన్న మామూలు అడ్రస్‌లు, మెషిన్‌కు ఇవ్వొచ్చు. అయితే పాత పరికరాలు కొన్ని, తొందరపాటుతో రాసిన ఫైర్‌వాల్ రూల్స్ కొన్ని వీటిని అనుమానంగా చూస్తాయి. నేనైతే డీహెచ్‌సీపీలో (మెషిన్లకు ఐపీలు తనే పంచే ఏర్పాటులో) ఆ రెండింటినీ పక్కన పెట్టేస్తాను. 510 లో రెండు పోతే కొంప మునిగేదేం లేదు, అర్ధరాత్రి ఫోన్ కాల్ తప్పుతుంది.

మీ ఆఫీసు సంగతికి వద్దాం. మార్చే ముందు ఒకటి చూడండి: నిజంగా నిండిందా? డీహెచ్‌సీపీ లీజుల (కొంత గడువుకు ఇచ్చిన ఐపీల) జాబితా తెరిచి చూస్తే, అందులో సగం ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన ఫోన్లవే ఉండొచ్చు. విండోస్ సర్వర్‌లో లీజు గడువు డిఫాల్ట్‌గా 8 రోజులు. ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే హార్డ్‌వేర్ నంబరు) కాకుండా మార్చిన మ్యాక్ ఇస్తాయి, అది మారినప్పుడల్లా ఒకే ఫోను కొత్త మనిషిలా వచ్చి ఇంకో ఐపీ తీసుకుంటుంది. వైఫై పూల్‌కు లీజును కొన్ని గంటలకు తగ్గిస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

నిజంగానే నిండితే మూడు దారులు. మొదటిది, మీ రౌటర్‌లో ఇప్పుడున్నదాన్ని అలాగే ఉంచి కొత్త మెషిన్లను 6.x నుంచి 4.x కి మార్చడం. గేట్‌వే 5.1 మారక్కర్లేదు. కానీ 192.168.4.0 ఇంకెక్కడా వాడకంలో లేదని ముందు రూఢి చేసుకోండి. ఇంకో అంతస్తులోనో, వీపీఎన్ అవతలో, కెమెరాలకో ఎవరో వాడుతుంటే ఇప్పటికే వాళ్లకు ఇబ్బంది మొదలై ఉంటుంది. 5.x మెషిన్లు 4.x అంటే తమ పక్కనే ఉందనుకుని రౌటర్‌కు పంపకుండా లోకల్‌గా వెతుకుతుంటాయి. రెండో దారి, స్లాష్ 22 చేసి 4 నుంచి 7 దాకా మొత్తం తీసుకోవడం, 1022 అడ్రస్‌లు. మీరు ఇప్పటికే ఇచ్చిన 6.x ఐపీలు మార్చక్కర్లేదు, మాస్క్ మారిస్తే చాలు. అందుకే ఇది మనసు లాగుతుంది.

నా ఓటు మాత్రం మూడో దానికి. 192.168.5.0ను మళ్లీ స్లాష్ 24 చేయండి, 192.168.6.0/24ను వేరే వీల్యాన్‌గా (అదే స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్‌గా) పెట్టి దానికి 6.1 అని సొంత గేట్‌వే ఇవ్వండి. ఒకే సబ్‌నెట్‌లో 500 మెషిన్లున్నా పనిచేస్తుంది, కాదనను. కానీ ఎవరో ఒక కేబుల్‌ను రెండు చివరలూ ఒకే స్విచ్‌లో పెట్టి లూప్ చేసినప్పుడు సగం ఆఫీసు ఆగుతుందా, మొత్తం ఆఫీసు ఆగుతుందా అన్నది దీన్ని బట్టే ఉంటుంది. పైగా ఒకే సబ్‌నెట్‌లో ఉన్నవి రౌటర్ మొహం చూడకుండా నేరుగా మాట్లాడుకుంటాయి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోను మీ అకౌంట్స్ సర్వర్‌ను తాకకూడదంటే, రెండూ ఒకే సబ్‌నెట్‌లో ఉన్నంత కాలం రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు. అడ్రస్‌లు నిండటం అనేది చాలాసార్లు సబ్‌నెట్ చిన్నదని కాదు, ఒకేదాంట్లో అన్నీ కుక్కామని చెబుతుంది.

మొదటి రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా, మాస్క్ మారే ఆ కొద్ది రోజుల గురించి జాగ్రత్త. డీహెచ్‌సీపీ మెషిన్లు లీజు తిరగరాసుకునేటప్పుడు కొత్త మాస్క్ తీసుకుంటాయి. స్టాటిక్‌గా పెట్టినవి, అంటే ప్రింటర్లు, కెమెరాలు, పాత సర్వర్లు, అవి పాత మాస్క్‌తోనే ఉండిపోతాయి. ప్రింటర్ 192.168.5.30, మాస్క్ ఇంకా స్లాష్ 24 అనుకుందాం. కొత్త మెషిన్ 192.168.4.77/23 దాన్ని పక్కింట్లోనే ఉందని చూసి నేరుగా ప్యాకెట్ పంపుతుంది. ప్రింటర్ మాత్రం 4.77 వేరే ఊరు అనుకుని జవాబును గేట్‌వేకు పంపుతుంది. మామూలు రౌటర్ అయితే దాన్ని తిప్పి అదే కేబుల్ మీదికి పంపేస్తుంది, పని జరిగిపోతుంది, తప్పు ఉందని కూడా తెలీదు. అదే గేట్‌వే ఒక ఫైర్‌వాల్ అయితే, కనెక్షన్ మొదలైన ప్యాకెట్ తను చూడలేదు కాబట్టి జవాబును పారేస్తుంది. ప్రింటర్‌లో గేట్‌వే ఖాళీగా వదిలేసి ఉంటే జవాబే రాదు. అదే ప్రింటర్ 5.x మెషిన్లకు మాత్రం చక్కగా ప్రింట్ ఇస్తుంటుంది. "కొంతమందికి వస్తోంది, కొంతమందికి రావట్లేదు" అన్న ఫిర్యాదు వినగానే నేను మొదట అడిగేది మాస్క్ ఎంత అనే. డ్రైవర్ల మీద రెండు రోజులు పోగొట్టుకున్నాక వచ్చిన అలవాటు ఇది.

మీ ప్రశ్న కింద ఇంకో కామెంట్‌లో ఒకరు "క్లాస్ సీ అంటే 256 కదా, దాన్ని ఎలా పెంచుతారు" అన్నారు. క్లాస్‌లు పోయి చాలా కాలమైంది. 1981 నాటి పద్ధతిలో అడ్రస్ మొదటి బిట్లను బట్టే సైజు ఖాయమయ్యేది: క్లాస్ ఏ అంటే కోటీ 67 లక్షల పైచిలుకు, క్లాస్ బీ అంటే 65,536, క్లాస్ సీ అంటే 256. వెయ్యి మెషిన్లున్న సంస్థకు సీ చాలదు, బీ ఇస్తే 64 వేలు వృథా. బీలు అలా కరిగిపోతుంటే 1993లో సీఐడీఆర్ (క్లాస్‌లు లేని అడ్రసింగ్ పద్ధతి) తెచ్చారు. అప్పటి నుంచి సైజును స్లాష్ నంబరు చెబుతుంది, అడ్రస్ మొహం చూసి చెప్పలేం. అయినా ఆ దుబారా ప్రభావం పోలేదు. 2011 ఫిబ్రవరి 3న ఐయానా (ప్రపంచానికి అడ్రస్‌లు పంచే సంస్థ) దగ్గర మిగిలిన చివరి ఐదు స్లాష్ 8 బ్లాక్‌లు ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు వెళ్లిపోయాయి. మీ ప్రొవైడర్ ఎనిమిదింటిని కూడా అంత బిగబట్టి ఇవ్వడానికి మూలం అక్కడుంది.

లోపలి నెట్‌వర్క్‌లకు మాత్రం కొరత లేదు. ప్రైవేటు వాడకానికి మూడు బ్లాక్‌లు: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. మధ్యదాని దగ్గర జాగ్రత్త. స్లాష్ 12 అంటే రెండో ముక్కలో సైజు 16, కాబట్టి 172.16 నుంచి 172.31 దాకానే మనది. కొత్తలో నేను 172 అంటే మొత్తం ప్రైవేటే అనుకుని ఒక ల్యాబ్‌కు 172.32.0.0/16 పెట్టాను. నెలల తరబడి ఏ గొడవా లేదు. ఒకరోజు ఒక వెబ్‌సైట్ మా ల్యాబ్ నుంచి తప్ప ప్రపంచం మొత్తానికి తెరుచుకుంటోంది. దాని సర్వర్ నిజంగానే ఆ రేంజ్‌లో ఉంది, మా మెషిన్లు మాత్రం దాన్ని లోపలే వెతుకుతున్నాయి. అలాగే డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) తన డిఫాల్ట్ బ్రిడ్జ్‌కు 172.17.0.0/16 తీసుకుంటుంది. మీ సర్వర్లు కూడా అక్కడే ఉంటే ఒకరోజు ఇదే కథ. ఇళ్లలో ఉండే రౌటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 తో వస్తాయి కాబట్టి ఆఫీసుకు ఆ రెండూ వద్దు. ఇంటి నుంచి వీపీఎన్‌తో వచ్చినవాళ్ల మెషిన్‌కు ఆఫీసు సర్వర్ ఏదో, ఇంట్లో ప్రింటర్ ఏదో తెలీదు.

కొత్తగా ప్లాన్ వేస్తే పెద్దవి ముందు పెట్టండి. ఒక స్లాష్ 24లో 100, 50, 25, 10 మెషిన్లకు, రెండు లింకులకు చోటు కావాలనుకుందాం. 100కి స్లాష్ 25, అంటే 0 నుంచి 127. 50కి స్లాష్ 26, 128 నుంచి 191. 25కి స్లాష్ 27, 192 నుంచి 223. 10కి స్లాష్ 28, 224 నుంచి 239. లింకులకు రెండు స్లాష్ 30లు, 240 దగ్గర, 244 దగ్గర. 248 నుంచి 255 మిగిలింది. అదే 10 మెషిన్ల బ్లాక్‌ను ముందు 0 దగ్గర పెట్టి చూడండి. తర్వాత 100కి కావాల్సిన 128 బ్లాక్ 16 దగ్గర మొదలవ్వలేదు, 128కి దూకాలి. మధ్యలో చిల్లర మిగులుతుంది, 50కి, 25కి అందులో చోటు వెతుక్కోవాలి. పెట్టెలో ముందు పెద్ద గిన్నెలు సర్ది తర్వాత చిన్నవి ఇరికించడం లాంటిదే. నిజం చెప్పాలంటే ప్రైవేటు అడ్రస్‌లతో ఇంత బిగించి కట్టే అవసరం ఎప్పుడో గానీ రాదు. ఒక్కో విభాగానికి ఒక స్లాష్ 24 ఇచ్చి, మూడో ముక్కను వీల్యాన్ నంబరుతో సరిపెట్టండి. వీల్యాన్ 20 అంటే 10.1.20.0. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో కూడా అర్థమవుతుంది.

ఫైర్‌వాల్‌లో బ్లాక్ రాసేటప్పుడు స్లాష్ నంబరును రెండుసార్లు చదవండి. 203.0.113.40/29 రాయాల్సిన చోట /24 కొడితే 8 మందికి బదులు 256 మందికి తలుపు తీసినట్టు. వాళ్లలో మీ ప్రొవైడర్ మిగతా కస్టమర్లు కూడా ఉంటారు. /0 అంటే లోకం మొత్తం. కొన్ని పరికరాలు యాక్సెస్ లిస్టుల్లో మాస్క్ కాకుండా దాని తిరగేసిన రూపం, వైల్డ్‌కార్డ్ మాస్క్ అడుగుతాయి. 255.255.255.248కి బదులు 0.0.0.7. అక్కడ అలవాటులో మామూలు మాస్క్ రాస్తే ఎర్రర్ రాదు, మీరు ఊహించని అడ్రస్‌లకు ఆ రూల్ తగులుతుంది.

ఐపీవీ6లో ఈ కష్టాలు చాలావరకు ఉండవు. అక్కడ మామూలు సబ్‌నెట్ అంటే స్లాష్ 64, లోపల ఎన్ని మెషిన్లు పడతాయని లెక్కపెట్టే పనే లేదు. సబ్‌నెట్‌లను లెక్కపెట్టాలి: ప్రొవైడర్ స్లాష్ 56 ఇస్తే 256 సబ్‌నెట్‌లు, స్లాష్ 48 ఇస్తే 65,536. ఒక్క స్లాష్ 64 మాత్రమే ఇస్తానంటే ఒప్పుకోకండి, రెండో వీల్యాన్‌కు దిక్కుండదు.

మీరు ఇవాళ చేయాల్సింది: 6.x మెషిన్లలో ఒకటి తీసుకుని, రౌటర్‌లో 6.0/24కి కొత్త వీల్యాన్ పెట్టి, ఆ మెషిన్‌కు మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.6.1 ఇచ్చి చూడండి. స్విచ్‌లో ఆ పోర్టును కొత్త వీల్యాన్‌లోకి మార్చడం మర్చిపోకండి, సగం మంది ఆగిపోయేది అక్కడే. ముందు 6.1 పింగ్ అవ్వాలి, తర్వాత 5.1, తర్వాత 5.x లో ఒక మెషిన్, చివరకు బయటి అడ్రస్. 5.1 వచ్చి 5.x మెషిన్ రాకపోతే ఆ మెషిన్ మాస్క్, దాని సొంత ఫైర్‌వాల్ చూడండి. విండోస్ మామూలుగా వేరే సబ్‌నెట్ నుంచి వచ్చే పింగ్‌ను ఆపేస్తుంది. ఆఖరి పింగ్ ఒక్కటే ఫెయిల్ అయితే రౌటర్‌లో నాట్ రూల్ చూడండి, అందులో ఇంకా 5.0 ఒక్కటే ఉండి ఉంటుంది. అది కుదిరాక మిగతా మెషిన్లు మార్చండి. 5.0 మాస్క్‌ను తిరిగి స్లాష్ 24 చేయడం మాత్రం అందరూ వెళ్లిపోయాక పెట్టుకోండి.